కొండెక్కిన నీళ్ళు

మసాఫీ కొండదారిలో ఎత్తు మొదలయ్యే చోట బండి ఆగిపోయింది. ఇంజను ఆగలేదు. అది ఇంకా గట్టిగా అరుస్తూనే ఉంది, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ మీటరు ముల్లు పైకి పోతూనే ఉంది, చక్రాలకు మాత్రం ఆ సంగతి తెలియడం లేదు. వెనక తగిలించిన ట్రైలరు మీద ట్యాంకు నిండా నీళ్ళు. ఆ బరువుకు బండి మెల్లగా వెనక్కి జారసాగింది. బ్రేకు మీద నిలబడ్డంత పని చేసి ఆపాను. మాడిన నూనె వాసన లోపలికి కొట్టింది. పక్క సీట్లో కూర్చున్న ముసలాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసి, "నీళ్ళు పోతున్నాయా?" అని అడిగాడు.

మేమిద్దరం లోయలోకి పోతామా అని అడగలేదు. నీళ్ళు పోతున్నాయా అని అడిగాడు.

నేను దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాను. ట్యాంకు మూత దగ్గర కాస్త చిమ్మి రోడ్డు తడిసింది, అంతే. ఆ తడి నేను చూస్తుండగానే ఆరిపోయింది. బండి కిందికి వంగి చూస్తే గేర్‌బాక్సు మీది నుంచి పొగ వస్తోంది. అది పోవడం అదే మొదటిసారి కాదు. అంతకుముందు రెండుసార్లు బాగు చేయించాం. మూడోసారి కూడా అదే ఎత్తులో, దాదాపు అదే మలుపులో చేతులెత్తేసింది. కరోనా వచ్చిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజులవి.

నాది జగిత్యాల దిక్కు. మామిడి తోట కోసం మా బాపు వేసిన బోర్లు ఒకటొకటే ఎండిపోయాక, డ్రైవింగ్ నేర్చుకుని దుబాయ్ వచ్చినవాణ్ణి. మా ఊళ్ళో దుబాయ్ అంటే దుబాయే కానక్కరలేదు, ఈ ఎడారి దేశాలన్నిటికీ అదే పేరు. నేను ఉన్నది షార్జాకు లోపలగా ధైద్‌లో, ఒక అరబ్బు ముసలాయన ఇంట్లో. ఆయన్ను అందరిలాగే నేనూ అర్బాబ్ అనేవాణ్ణి, అంటే యజమాని. వయసులో ఉండగా పడవల మీద బొంబాయి తిరిగిన మనిషి. అక్కడ నేర్చుకున్న హిందీ, దాని మధ్యలో అరబ్బీ, అదీ ఆయన నాతో మాట్లాడే భాష. ఇక్కడ ఆయన మాటలు తెలుగులో రాస్తున్నాను గానీ, ఆ గొంతులో ఉండే బొంగురు, ఒక్కో మాట తర్వాత ఆగి ఊపిరి తీసుకోవడం, అవి రాయడం నా వల్ల కాదు.

ఆయనకు మసాఫీ దాటాక కొండల మధ్య ఒక ఖర్జూరం తోట ఉండేది. తాతల కాలం నాటిది. కొండ లోపలి నీటిని తోటదాకా తెచ్చే సన్నని రాతి కాలువ ఉండేది దానికి. ఫలజ్ అంటారు ఇక్కడ. నేను రాకముందే అది ఎండి, గొర్రెలు పడుకునే చోటు అయింది. ఆ తర్వాత తవ్విన బావి ఏటేటా ఉప్పెక్కుతూ వచ్చింది. కరోనా ఏడు వచ్చేసరికి ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. చెట్ల మొదళ్ళ చుట్టూ మట్టి మీద తెల్లటి పొర కట్టింది. మా ఊళ్ళో అయితే దాన్ని చౌడు అంటాం. తోట చూసుకునే బంగ్లాదేశీ మనిషి సెలవు మీద ఇంటికి పోయి, విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నాడు. మొదట్లో ఫోను ఎత్తేవాడు, తర్వాత అదీ మానేశాడు. తోట పని కూడా నాకే వచ్చింది.

మంచినీళ్ళు ధైద్‌లో నింపుకుని కొండ మీదికి మోయాలి. పెద్ద ట్యాంకరు లారీ పిలిస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అడుగుతారు. తోటకు పోయే చివరి దారి వాగులోంచి, రెండు రాతి గోడల మధ్య నుంచి. ఒకసారి ఒక లారీ వచ్చి గోడకు రాసుకుని, ముందుకూ వెనక్కూ పోలేక నానా అవస్థా పడింది. ఆ పఠాన్ డ్రైవరు బయటపడ్డాక అర్బాబ్‌కు చేతులు జోడించి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అందుకని ఈ పికప్పు, దాని వెనక ట్రైలరు, ట్రైలరు మీద ట్యాంకు. అర్బాబ్ పెద్ద కొడుకు ఎప్పుడో సరదాగా పడవ లాగడానికి కొన్న అమెరికా డీజిల్ బండి అది. సరదా తీరాక తండ్రికి వదిలేశాడు.

ఆ రోజు ట్యాంకులో ఉన్న నీళ్ళను అర్బాబ్ అక్కడే పారబోయనివ్వలేదు. బండిని షార్జాకు మోసుకుపోవడానికి వచ్చిన రికవరీ మనిషిని బతిమాలి, ముందు ట్రైలరును తోటదాకా లాగించాడు. ఆ రికవరీ బండి చిన్నది కాబట్టి గోడల మధ్య పట్టింది. నీళ్ళు పోయడం అయ్యాకే పికప్పు సనయ్యకు చేరింది. గ్యారేజీలూ వర్క్‌షాపులూ ఉండే పారిశ్రామిక వాడను ఇక్కడ సనయ్య అంటారు.

గేర్‌బాక్సులు చేసే మేస్త్రీ మనవాడే. కోనసీమ మనిషి. యాభై దాటిన వయసు, మెడలో ఎప్పుడూ తడి తువ్వాలు. నన్ను చూడగానే తల పట్టుకున్నాడు.

"మళ్ళీ పట్టుకొచ్చావా తమ్ముడూ?"

"ఏం జెయ్యాలన్నా, మల్ల గాడనే ఆగింది."

బండిని పైకి లేపి, కింది పళ్ళెం విప్పాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె డికాషన్‌లా నల్లగా కారింది. పళ్ళెం అడుగున ఉండే అయస్కాంతానికి ఇనప పొడి గంధంలా అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసి నా అరచేతిలో రాశాడు.

"చూశావా? ఇది దాని ఒళ్ళే. అరిగి అరిగి ఇలా అయింది. మామూలుగా బాగు చేసి పంపిస్తే ఈ ఎండాకాలం దాటకుండా మళ్ళీ వస్తావు. సంగతేంటంటే, ఇంజనేమో ఎద్దు, గేర్‌బాక్సేమో మేక. రెండిటినీ ఒకే కాడికి కట్టారు. ఖాళీగా తిరిగినన్నాళ్ళూ బాగానే ఉంటది. వెనకాల చెరువుని కట్టుకుని కొండెక్కమంటే మేక ఏం చేస్తది, చచ్చిపోద్ది."

"మరేం జేద్దామంటవ్?"

"మేకని కూడా ఎద్దుని చెయ్యాలి."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆటోమేటిక్ బండిలో ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనెతో తిరిగే పెద్ద డబ్బా ఒకటి ఉంటుంది, కన్వర్టర్ అంటారు. బరువు లాగినప్పుడు అది పట్టు తప్పి, నూనెను ఊరికే చిలికి మరిగిస్తోంది. మరిగిన నూనె లోపలి క్లచ్ ప్లేట్లను కాల్చేస్తోంది. కాబట్టి కన్వర్టర్ గట్టిది వేయాలి. ప్లేట్లు ఎక్కువ పట్టేలా లోపల మార్చాలి. నూనె ఎటు పోవాలో, ఎంత ఒత్తిడితో పోవాలో నడిపించే భాగాన్ని కూడా మార్చాలి. నూనెను చల్లార్చే కూలరు ఇప్పుడున్నది చాలదు, పెద్దది ముందు భాగంలో ఫ్యానుతో సహా బిగించాలి. పళ్ళెం లోతుది పెట్టాలి. వేడి ఎంతుందో డ్రైవరుకు కనిపించేలా ముల్లు ఒకటి పెట్టాలి.

"సామానంతా అమెరికా నుంచి రావాలి" అన్నాడు. "ఓడలు ఎక్కడివక్కడ ఆగిపోయిన రోజులు. ఎప్పుడొస్తాయో నేను మాటివ్వలేను."

అర్బాబ్ గ్యారేజీ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కర్రకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకు వివరించాను. అంతా విని ఒకే మాట అడిగాడు.

"అవన్నీ వేస్తే కొండ ఎక్కుతుందా?"

మేస్త్రీయే నేరుగా హిందీలో జవాబిచ్చాడు. "ఎక్కుతుంది బాబా. బండి ఎక్కుతుంది."

"అయితే చెయ్యి. యల్లా" అని లేచాడు అర్బాబ్.

ఆయన బయట ఆగిన టాక్సీ దగ్గరికి నడుస్తుంటే మేస్త్రీ నన్ను ఆపాడు.

"తమ్ముడూ, ఇన్ని నీళ్ళు అక్కడ ఏం తాగుతున్నాయి?"

"ఖర్జూరం చెట్లన్నా."

"పచ్చగా ఉన్నాయా?"

"నడిమిట్లనే పచ్చగున్నయ్. కింది మట్టలన్నీ కాల్చినట్టు ఎండినయ్."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేలకి ఉప్పు పట్టేసింది. మా ఊరి కింది లంకల్లో సముద్రం నీళ్ళు పైకొచ్చిన చోట కొబ్బరి ఇలాగే పోయింది. ఎప్పుడైనా చెట్టు నడినెత్తిన మొవ్వ పట్టుకుని లాగి చూడు. చేతిలోకి ఊడొచ్చిందంటే ఆ చెట్టుకి ఇంక నీళ్ళు పొయ్యక్కర్లేదు."

"గీ ముచ్చట ఆయనకెట్ల చెప్పాలన్నా?"

"నేనూ చెప్పను. నా పని గేర్‌బాక్సు" అని బండి కిందికి వెళ్ళిపోయాడు.

సామాను రావడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. వస్తుందన్న వారం రాకపోవడం, ఓడ ఇంకో రేవులో నిలిచిపోయిందని కబురు రావడం, ఒక పెట్టె వచ్చాక అందులో వేరే బండి ప్లేట్లు ఉండటం, వాటిని తిప్పి పంపడం. ఖర్జూరానికి నీళ్ళు బాగా కావలసింది సరిగ్గా ఆ నెలల్లోనే. గెలలు దిగి, కాయ రంగు తిరిగే కాలం.

ధైద్‌లో కిరాణా కొట్టు నడిపే మలయాళీ దగ్గర ఒక చిన్న జపాన్ పికప్పు అడిగి తెచ్చాను. దాని వెనక ఒక చిన్న తొట్టి మాత్రమే పడుతుంది. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అవగానే అర్బాబ్ నా గది తలుపు తట్టేవాడు. ఇద్దరం పోయేవాళ్ళం. ఆ తొట్టి నీళ్ళు గోడ వెంబడి మొదటి వరుసకు కూడా చాలేవి కావు. పైపు ఏ చెట్టు దగ్గర పెట్టాలో ఆయన కర్రతో చూపించేవాడు. ఒక్కోసారి చూపించడానికి చాలాసేపు పట్టేది. కర్ర గాల్లోనే ఉండేది, ఆయన ఈ చెట్టునూ ఆ చెట్టునూ చూస్తూ ఉండేవాడు. నేను పైపు పట్టుకుని ఎదురుచూసేవాణ్ణి. తర్వాత "రేపు దానికి" అని, చూపించని చెట్టు వైపు తిరిగి చెప్పేవాడు. నాకు కాదు, చెట్టుకు.

కాయలు రంగు తిరక్కముందే ముడతలు పడి రాలాయి. చెట్ల కింద నడిస్తే కాళ్ళ కింద టపటపమనేవి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం తోటలో ఉండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. నా భార్య.

"ఇనవడుతుందా? మనకున్న ఒక్క బోరు గూడ ఎండింది. మోటరు గాలే కక్కుతుంది."

"ఎప్పటి నుంచి?"

"వారం నుంచి గట్లనే ఉంది. నీకు చెప్పొద్దనుకున్న. పొద్దు తిరుగుడు మొత్తం వాడిపోయింది. మా తమ్ముడు ఇంకో బోరేద్దామంటుండు. కొబ్బరికాయ తోటి నీళ్ళు చూసేటాయన ఉన్నడట. ఏమంటవ్?"

నా ఎదురుగా, ఎండిన ఫలజ్ గట్టు మీద అర్బాబ్ కూర్చుని ఉన్నాడు. కింద పడ్డ ఒక కాయను తీసి, ముడతలు విప్పి చూస్తున్నాడు. వద్దు అనే మాట నా నోటిదాకా వచ్చింది. మా బాపు ప్రతి బోరుకూ ఇదే ఆఖరుది అనేవాడు. వాటిల్లో ఏదీ ఆఖరుది కాలేదు. ఆ సంగతి నాకంటే తెలిసినవాళ్ళు లేరు.

"ఎయ్యుండ్రి" అన్నాను.

అర్బాబ్ ఎవరని అడిగాడు. ఇంట్లో బావి ఎండిందని చెప్పాను. ఆయన తను తాగే నీళ్ళ సీసా నా వైపు జరిపాడు. ఊళ్ళో వేసిన ఆ బోరులోంచి నీళ్ళకు బదులు తెల్ల దుబ్బ, ఉత్త దుమ్ము లేచిందని తర్వాత తెలిసింది.

ఎండలు తగ్గుముఖం పట్టాక సామాను పూర్తిగా వచ్చింది. బిగించే రోజుల్లో అర్బాబ్ నన్ను గ్యారేజీలోనే ఉండమన్నాడు. మేస్త్రీ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, ప్లేట్లను కొత్త నూనెలో నానబెట్టి, ఒక్కొక్కటే లోపల పేర్చాడు. దుమ్ము పడుతుందని పక్కవాళ్ళను గ్రైండర్ ఆపమని అరిచేవాడు. కన్వర్టర్‌ను ఎత్తేటప్పుడు నన్నూ చెయ్యి వేయమన్నాడు. గుమ్మడికాయంత గుండ్రంగా ఉంది గానీ, ఇద్దరం కలిసి ఎత్తినా నడుములు విరిగాయి. అన్నీ అయ్యాక స్టీరింగు పక్కన గుండ్రటి ముల్లు బిగించి, "ఈ గీత దాటనివ్వకు తమ్ముడూ. దాటితే పక్కకి ఆపెయ్. దాటదులే" అన్నాడు.

మొదటి రోజు ధైద్‌లో ట్యాంకు పూర్తిగా నింపాం. అర్బాబ్ ఉతికిన కందూరా, ఆ తెల్లటి పొడుగు అంగీ వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ ఆగిపోయే మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన తలుపు పిడి పట్టుకున్నాడు. నేను తొక్కాను. బండి ఒక్కసారి చిన్నగా కుదిపి గేరు పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. ఇంజను అరవలేదు, బరువు మోసే మనిషి గొంతులోంచి వచ్చే చప్పుడులా నిబ్బరంగా మోగింది. ముల్లు గీతకు చాలా కింద కదలకుండా నిలబడింది. వెనక అద్దంలో ట్యాంకు మా వెంట బుద్ధిగా వస్తోంది.

"వల్లాహ్!" అని అర్బాబ్ నా భుజం మీద చరిచాడు. ఇంకో మలుపు ఎక్కాక మళ్ళీ చరిచాడు. ఆ రోజు మాట్లాడినంతగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. చిన్నప్పుడు ఫలజ్ నీళ్ళను వంతులు వేసి పంచుకునేవారట. ఒక కర్ర పాతి, దాని నీడ ఏ రాయి దాకా వస్తే ఎవరి వంతు అయిపోయినట్టో చూసేవారట. వాళ్ళ అమ్మ తన వంతు వచ్చేసరికి పరుగెత్తుకొచ్చి, పారతో గండి కొట్టి, నీళ్ళు తిరిగేదాకా కాలువలోనే నిలబడేదట. "కాళ్ళు చల్లగా అవుతాయని నిలబడేది" అని నవ్వాడు. ఆయన నవ్వితే ముందు పళ్ళు లేవని అప్పుడే గమనించాను.

తోటకు చేరాం. నేను పైపు విప్పాను. చాలా నెలల తర్వాత నీళ్ళు వెనక వరుసదాకా పోయాయి. పాదులు నిండాయి. నేల గుటకలు వేస్తున్నట్టు బుడగలు వచ్చాయి. అర్బాబ్ గోడ నీడలో నమాజుకు నిలబడ్డాడు. ఆ కాస్త సమయంలో నేను వెనక వరుసలో ఒక పొట్టి చెట్టు దగ్గరికి పోయి, మధ్యలో నిటారుగా ఉన్న లేత మొవ్వను పట్టుకుని లాగాను. నేను గట్టిగా లాగనే లేదు. చాకు ఒరలోంచి వచ్చినట్టు చేతిలోకి వచ్చేసింది. మొదలు దగ్గర గోధుమరంగులో మెత్తగా కుళ్ళిపోయి, పులిసిన వాసన వేసింది. పక్క చెట్టుది లాగాను. అదీ వచ్చింది. మూడోదాన్ని ముట్టుకోలేదు.

వెనక్కి తిరిగితే అర్బాబ్ నమాజు ముగించి నన్నే చూస్తున్నాడు. నా చేతిలో ఇంకా మొవ్వ ఉంది. ఆయన నెమ్మదిగా నడిచి వచ్చి, దాన్ని తీసుకుని, ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే మళ్ళీ గుచ్చాడు. గుచ్చి, వంగకుండా పక్క మట్టలతో నొక్కిపెట్టాడు.

"దీనికి నీళ్ళు ఆపకు" అన్నాడు.

ఆ చలికాలం, ఆ తర్వాతి ఎండాకాలం, ఆ మరుసటి చలికాలం మేం కొండ ఎక్కుతూనే ఉన్నాం. గేర్‌బాక్సు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఆ బండిలో, ఆ తోటలో, మా ఇద్దరిలో, సక్రమంగా పనిచేసేది అదొక్కటే. చెట్లు మాత్రం వెనక వరుస నుంచి ఒకటొకటే తల వంచి, తర్వాత తలే లేకుండా అయ్యాయి. తల రాలిపోయాక ఖర్జూరం చెట్టు కరెంటు స్తంభంలా నిలబడుతుంది. అలాంటివి పెరిగిపోయాక ఆయన వాటి వైపు చూడటం మానేసి, మిగిలినవాటి దగ్గరే కుర్చీ వేయించుకునేవాడు. వ్యవసాయ శాఖ మనిషి ఒకాయన వచ్చి మట్టి తీసుకుపోయి, ఉప్పు లోపలిదాకా దిగిందని, అది కడగాలంటే ఇలాంటి ట్యాంకులతో అయ్యే పని కాదని మెల్లగా చెప్పాడు. అర్బాబ్ ఆయనకు గహ్వా, అదే అరబ్బీ కాఫీ పోసి ఇచ్చి, బాగా విని, సాగనంపి వచ్చి, "పైపు ఎక్కడ?" అన్నాడు.

ఒకసారి బండిలో అడిగేశాను. "అర్బాబ్, ఇంకా ఎన్నాళ్ళు పోదాం?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ, "బండి ఎక్కుతోంది కదా" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు మేస్త్రీ మీద కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఆలోచిస్తే కారణం కనబడలేదు. ఆయన చేసిన పనిలో తప్పే లేదు. బండి పాతదానిలాగే మళ్ళీ మళ్ళీ ఆగిపోయి ఉంటే, ఏదో ఒక రోజు మేమూ ఆగిపోయేవాళ్ళం.

ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం నేను ట్యాంకు వాల్వు దగ్గర ఉన్నాను. ఆయన పైపును తనే లాగబోయి పాదు గట్టు మీద జారి పడ్డాడు. పెద్ద కేక కూడా వేయలేదు. నేను పరుగెత్తేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు, ఒక కాలు ఉండకూడని దిక్కుకు తిరిగి ఉంది. పైపులోంచి నీళ్ళు ఆయన వీపు కిందికి పారుతున్నాయి. ట్రైలరు కొక్కెం విప్పేసి, ఆయన్ను ఎత్తుకుని వెనక సీట్లో పడుకోబెట్టి ఫుజైరా ఆసుపత్రికి తోలాను. వెనక బరువు లేని బండి ఎంత తేలిగ్గా పోయిందో! ప్రతి గుంతకూ ఆయన మూలిగాడు. వాల్వు కట్టానా అని మాత్రం రెండుసార్లు అడిగాడు. కట్టానన్నాను. నిజంగానే కట్టాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు గానీ మళ్ళీ నడవలేదు. ఇంటికి తెచ్చాక మంచం మీది నుంచే రోజూ నన్ను తోటకు పంపేవాడు. కొన్నాళ్ళు పోయాను. ఒక శుక్రవారం పెద్ద కొడుకు నాతో పాటు వస్తానన్నాడు. ఆయన దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగి, మెత్తగా మాట్లాడే మనిషి, నన్ను ఎప్పుడూ గదమాయించి ఎరగడు. చాలా ఏళ్ళుగా తోటకు రాలేదు. దారి పొడుగునా ఫోను చూసుకున్నవాడు, వాగు దాటి గోడ మలుపు తిరగ్గానే దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

తలల్లేని మొదళ్ళ మధ్య కాసేపు నడిచాడు. వాటి మధ్యలో ఐదారు చెట్లకు ఇంకా మట్టలు ఉన్నాయి, అవీ పసుపు తిరిగినవే.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"మీరు అనుకునేదానికంటే ముందు నుంచి."

"ఆయనకు తెలుసా?"

"అన్నీ ఆయన కళ్ళ ముందే పోయాయి."

గోడ మీద కూర్చుని మొహం చేతులతో రుద్దుకున్నాడు. ఏడ్చాడేమో తెలియదు, నేను అటు చూడలేదు. లేచి, "ఖలాస్. ఇంక రావద్దు. ఆయనతో ఏమీ చెప్పకు, నేనే చెబుతాను" అన్నాడు. ట్యాంకు నిండుగా ఉంది. కిందికి మోసుకుపోవడం ఎందుకని వాల్వు పూర్తిగా తిప్పేశాను. మిగిలిన ఆ ఐదారు చెట్ల పాదుల్లోకే పైపు పెట్టాను. వాటికి అంత నీళ్ళు ఎప్పుడూ దొరకలేదు. గట్లు తెగి నీళ్ళు దారిలోకి వచ్చాయి. మేం ఆ నీళ్ళలోంచే నడిచి బండి ఎక్కాం.

కొడుకు చెప్పలేకపోయాడు. రేపు, ఎల్లుండి అంటూ జరిపాడు. మూడో నాడో నాలుగో నాడో పొద్దున నేను మందుల సంచి ఇవ్వడానికి అర్బాబ్ గదిలోకి వెళ్ళాను. ఆయన నా మొహం చూడలేదు, కాళ్ళ వైపు చూశాడు. తోటకు పోయి వచ్చిన రోజు నా చెప్పులకు బురద ఉంటుంది, ప్యాంటు అంచులు తడిసి ఉంటాయి. ఆ రోజు నా బట్టలు ఇస్త్రీ చేసినవి. ఆయన చాలాసేపు చూశాడు. చేతులతో మంచం అంచు పట్టుకుని, నొప్పి పెడుతున్నా కష్టపడి గోడ వైపుకు తిరిగి పడుకున్నాడు. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి విదిల్చాడు.

ఆ తర్వాత తోట మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పికప్పును పడవలు లాగేవాళ్ళెవరో వచ్చి కొనుక్కుని, మాసాంతంలోగానే తోలుకుపోయారు. లాగే బండి లేకపోతే నా పనీ లేదు. కొడుకు తనే మాట్లాడి నాకు దుబాయ్ రేవు జెబెల్ అలీలో ఒక గోదాములో పని చూసిపెట్టాడు, వీసా మార్పించాడు. అంతకంటే ఎవరూ ఎక్కువ చేయరు.

వెళ్ళే రోజు సలాం చెప్పడానికి ఆయన గదికి పోయాను. బాగా చిక్కిపోయాడు. గడ్డం ఎవరో కత్తిరించారు, ఆయనలా లేడు.

"ఎక్కడికి?"

"జెబెల్ అలీ, అర్బాబ్."

"ఏం పని?"

"పెట్టెలు. కంటైనర్లలోంచి దింపాలి, మళ్ళీ ఎక్కించాలి."

"అక్కడ నీడ ఉంటుందా?"

"ఉంటుంది. రేకుల షెడ్డు."

"మంచిది" అని కళ్ళు మూసుకున్నాడు. నా చెయ్యి మాత్రం వదలడం మరిచిపోయాడు. నేను చాలాసేపు అలాగే నిలబడ్డాను. నిద్రపట్టాక నా వేళ్ళు మెల్లగా విడిపించుకుని బయటికి వచ్చాను.

ఆయన ఆ ఎండాకాలం దాటలేదు. నాకు తెలిసేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. గోదాములో ఆ రోజు పని ఎక్కువగా ఉంది, సెలవు అడిగినా ఇచ్చేవాళ్ళు కాదు. నేను అడగలేదు.